రేపటి సంజకు ఎన్ని మార్కులు?

పంచాంగం తిరగేస్తే వచ్చే ఏడాది ఫలానా రోజున పొద్దు ఎన్ని గంటల ఎన్ని నిమిషాలకు గూకుతుందో దొరుకుతుంది. భూమి తిరిగే తీరు ఏనాడో లెక్కకు అందింది కాబట్టి ఆ నిమిషాల్లో తేడా రాదు. ఆ సాయంత్రం పడమర ఎర్రబడి, నారింజ, గులాబీ రంగులు నడినెత్తి దాకా పాకుతాయా, లేక బూడిదరంగు మబ్బు వెనక సూర్యుడు చడీచప్పుడు లేకుండా దిగిపోతాడా అన్నది మాత్రం ఏ పంచాంగమూ చెప్పదు.

శ్రీకాకుళం పక్కన అరసవల్లిలో ఈ తేడా ఏటా రెండుసార్లు కళ్లకు కడుతుంది. మార్చి రెండో వారంలో, అక్టోబరు మొదటి రోజుల్లో ఉదయపు కిరణాలు నేరుగా గర్భగుడిలోకి చేరి సూర్యనారాయణ స్వామి మూలవిరాట్టును తాకుతాయి. తేదీలు ముందే తెలుసు కాబట్టి భక్తులు తెల్లవారకముందే వచ్చి బారులు తీరతారు. తూర్పున మబ్బు పట్టిందంటే మాత్రం చేసేదేమీ లేదు, మళ్లీ ఆరు నెలలు ఆగాల్సిందే. సూర్యుడి రాకపోకలు ఖగోళ శాస్త్రం చేతిలో ఉన్నాయి. అతను కనిపించే తీరు వాతావరణ శాస్త్రం చేతిలో ఉంది.

ఈ రెండో సంగతిని ముందే చెబుతామంటూ కొన్ని మొబైల్ యాప్‌లు వచ్చాయి. ఊరి పేరు కొడితే చాలు, ఇవాళ్టి సాయంత్రానికి 72 శాతం, రేపటి ఉదయానికి 30 శాతం అని మార్కులు వేసేస్తాయి. ఇలాంటి అంచనాల్లో ముందుగా బాగా పేరొచ్చింది సన్‌సెట్ డబ్ల్యూఎక్స్. అమెరికాలోని పెన్‌సిల్వేనియా స్టేట్ యూనివర్సిటీలో వాతావరణ శాస్త్రం చదువుకున్న ముగ్గురు యువకులు 2015లో దాన్ని మొదలుపెట్టారు. అక్కడి ప్రభుత్వ వాతావరణ విభాగం ఉచితంగా ఇచ్చే కంప్యూటర్ అంచనాలను తీసుకుని, గాలిలో తేమ, పీడనంలో మార్పు, వేర్వేరు ఎత్తుల్లో మబ్బు అనే మూడింటి ఆధారంగా దేశమంతటికీ ఒక రంగుల పటం గీశారు. బాగుంటుందనుకున్న చోట ఎరుపు, పసుపు. చప్పగా ఉంటుందనుకున్న చోట నీలం. తర్వాత ఆ అంచనాలనే వాడుకుని ఆల్పెన్‌గ్లో లాంటి ఫోన్ యాప్‌లు పుట్టాయి. ఫొటోలు తీసేవాళ్లకు, పెళ్లికి ముందు వీడియోలు తీసేవాళ్లకు, కొండెక్కి సూర్యోదయం చూడాలనుకునేవాళ్లకు ఇవి పనికొచ్చాయి.

ఇంతకీ సాయంత్రపు రంగును లెక్కగట్టడం సాధ్యమేనా? చాలావరకు సాధ్యమే. అయితే ఆ లెక్క మనం నిలబడ్డ చోట మొదలవదు. హైదరాబాద్ ట్యాంక్‌బండ్ మీద కనిపించే ఎరుపు సంగతి తేలేది మహారాష్ట్ర, కర్ణాటకల మీద ఉన్న ఆకాశంలో. అదెలాగో చూద్దాం.

శాతం దేనికి?

ముందుగా ఆ అంకె సంగతి తేల్చుకోవాలి. రేపు వాన పడే అవకాశం 70 శాతం అని వాతావరణ శాఖ చెప్పిందంటే, అలాంటి పది రోజుల్లో ఏడు రోజులు వాన పడుతుందని అర్థం. సంజ యాప్‌లో 70 శాతానికి ఆ అర్థం లేదు. అది పరీక్షలో మార్కు లాంటిది. సన్‌సెట్ డబ్ల్యూఎక్స్ పెట్టుకున్న తరగతులు నాలుగు. 25 శాతం లోపయితే నాసి, 50 దాకా ఫరవాలేదు, 75 దాకా మంచిది, ఆ పైన అద్భుతం. నాసి అంటే వానో దట్టమైన మబ్బో సూర్యుణ్ణి కప్పేసి రంగు దాదాపు లేకుండా పోయే సాయంత్రం. అద్భుతం అంటే ఆకాశంలో చాలా భాగం రంగు పులుముకునే సాయంత్రం.

కాబట్టి 70 చూసి వెళ్తే రంగు రాలేదని తిట్టుకోవడంలో సగం తప్పు అంకెను చదవడంలోనే ఉంది. యాప్ ఒక సాయంత్రాన్ని ఊహించి దానికి మార్కు వేసింది. ఆ ఊహ మీద తనకెంత నమ్మకముందో చెప్పలేదు. మంచి యాప్ ఈ రెండో అంకె కూడా చూపించాలి. యూరప్ దేశాల ఉమ్మడి వాతావరణ కేంద్రం ఒకే అంచనాను మొదట్లో చిన్న చిన్న తేడాలతో 51 సార్లు లెక్కిస్తుంది. ఆ 51లో 45 సార్లు మంచి సంజ వస్తే ధైర్యంగా బయల్దేరవచ్చు. సగం సార్లు వచ్చి సగం సార్లు రాకపోతే ఇంటి దగ్గరి డాబా ఎక్కి చూడటమే మేలు.

నీలం రాలిపోయాక మిగిలేది

రంగుకు మూల కారణం 1871లో తేలింది. తర్వాత లార్డ్ రేలీగా పేరొందిన జాన్ విలియం స్ట్రట్ అనే బ్రిటిష్ శాస్త్రవేత్త, గాలి అణువులంత చిన్న రేణువులు కాంతిని ఎలా చెదరగొడతాయో లెక్క కట్టాడు. తరంగదైర్ఘ్యం తగ్గేకొద్దీ చెదరడం విపరీతంగా పెరుగుతుంది. తరంగదైర్ఘ్యం సగమైతే చెదరడం పదహారు రెట్లవుతుంది. 450 నానోమీటర్ల నీలి కాంతి, 650 నానోమీటర్ల ఎర్ర కాంతి కంటే నాలుగు రెట్లకు పైగా చెదురుతుంది. పగటిపూట ఆకాశం నీలంగా ఉండటానికి కారణం ఇదే.

సాయంత్రం జరిగేది దీనికి కొనసాగింపే. మధ్యాహ్నం నడినెత్తిన ఉన్న సూర్యుడి కాంతి దాటాల్సిన గాలి కంటే, దిగంతాన్ని తాకుతున్న సూర్యుడి కాంతి దాటాల్సిన గాలి దాదాపు 38 రెట్లు ఎక్కువ. దుమ్ము లేని శుభ్రమైన గాలిలోనైనా ఆ దారి మొత్తం దాటి వచ్చేసరికి ఎర్ర కాంతిలో నూటికి పదిహేను పాళ్లు మిగులుతుంది. నీలి కాంతిలో వెయ్యికి ఒక పాలు కూడా మిగలదు. మనకు చేరేదాంట్లో ఎక్కువ భాగం ఎరుపు, నారింజే.

అదే సమయానికి నడినెత్తిన ఆకాశం ముదురు నీలంగా ఉంటుంది. దానికి కారణం వేరు. పొద్దుగూకాక ఆ నీలంలో పెద్ద వాటా ఓజోన్‌దని 1953లో ఎడ్వర్డ్ హల్బర్ట్ అనే అమెరికన్ భౌతిక శాస్త్రవేత్త చూపించాడు. చాలా ఎత్తులో ఉన్న ఓజోన్ పొరలోంచి కాంతి ఏటవాలుగా సుదూరం ప్రయాణించేటప్పుడు అందులోని పసుపు, నారింజ భాగాలను ఓజోన్ పీల్చేస్తుంది. పడమర ఎరుపు, నెత్తిన నీలం పక్కపక్కనే నిలవడానికి ఇలా రెండు వేర్వేరు కారణాలున్నాయి.

దుమ్ము వల్ల అందం రాదు

గాలి ఎంత మురికిగా ఉంటే సూర్యాస్తమయం అంత బాగుంటుందని చాలామంది నమ్మకం. అమెరికా వాతావరణ విభాగంలో అంచనాల నిపుణుడిగా పనిచేసిన స్టీఫెన్ కార్ఫిడి సంజ రంగుల మీద రాసిన వ్యాసంలో ఈ నమ్మకాన్ని గట్టిగానే కొట్టిపారేశాడు. రంగులు మెరవాలంటే ముందు కావాల్సింది శుభ్రమైన గాలి అంటాడాయన.

కారణం రేణువు పరిమాణంలో ఉంది. గాలి అణువు చాలా చిన్నది కాబట్టి రంగును బట్టి చెదరగొడుతుంది. వాహనాల పొగ, రోడ్ల మీది దుమ్ము, తేమ పీల్చి ఉబ్బిన కాలుష్య రేణువులు కాంతి తరంగమంతో, అంతకంటే పెద్దవో అయి ఉంటాయి. అవి రంగుల మధ్య పెద్దగా భేదం చూపవు. ఆకాశమంతా తెల్లబారుతుంది, సాయంత్రానికి పాలిపోయిన పసుపుగా మారుతుంది. డిసెంబరు, జనవరిల్లో మన నగరాల మీద గాలి కదలకుండా పొగ పేరుకున్న రోజుల్లో ఇది చూడవచ్చు. సూర్యబింబం నారింజ రంగులో, కంటికి నొప్పి తెలియనంత మసకగా ఉంటుంది. దిగంతాన్ని చేరకముందే, ఇంకా రెండు మూడు డిగ్రీల ఎత్తులో ఉండగానే మాయమైపోతుంది. బింబం మాత్రం ఎర్రగా ఉండి చుట్టూ ఆకాశం రంగు లేకుండా ఉందంటే ఆ రోజు గాలి బాగాలేదన్నమాట.

వాన వెలిసిన సాయంత్రం రంగులు కడిగినట్టుండటానికీ ఇదే కారణం. వానచుక్కలు దుమ్మును నేలకు దించేస్తాయి. కొత్త యాప్‌లు మబ్బుతోపాటు గాలిలోని రేణువుల అంచనా కూడా తీసుకుంటున్నాయి. యూరప్ నడిపే కోపర్నికస్ వాతావరణ పర్యవేక్షణ సేవ దుమ్ము, పొగ, సముద్రపు ఉప్పు రేణువులు ఎక్కడ ఎంత ఉంటాయో ఐదు రోజుల ముందు దాకా ప్రపంచమంతటికీ చెబుతుంది.

తెర మబ్బుదే

గాలి ఎంత శుభ్రంగా ఉన్నా, మబ్బు తునక లేని ఆకాశంలో ఎరుపు పడమటి అంచు దగ్గరే ఆగిపోతుంది. రంగు నెత్తి దాకా రావాలంటే దాన్ని పట్టి చూపించే తెర కావాలి. మబ్బే ఆ తెర. అయితే అన్ని మబ్బులూ పనికిరావు.

రెండు కిలోమీటర్ల లోపు ఎత్తులో దట్టంగా పరుచుకునే మబ్బులు సాధారణంగా శత్రువులే. నేలకు దగ్గర్లోని దుమ్ము, తేమల గుండా వచ్చిన మసక కాంతే వాటికి దొరుకుతుంది. పైగా వెనకున్నవాటిని కప్పేస్తాయి. రెండు నుంచి ఆరు కిలోమీటర్ల మధ్య చిన్న చిన్న ముద్దలుగా, వరుసలుగా పరుచుకునే ఆల్టోక్యుములస్ మబ్బుల మధ్య సందులుంటాయి. వాటి అడుగుభాగం ఎర్రబడితే ఆకాశమంతా గళ్లుగళ్లుగా వెలుగుతుంది. ఆరు కిలోమీటర్లు దాటాక, మన ప్రాంతంలో పదిహేను కిలోమీటర్ల పైదాకా, మంచు పలుకులతో ఏర్పడే సిర్రస్ మబ్బులుంటాయి. ఇవి సన్నటి తంతువులు, పల్చటి పొరలు. మబ్బుల్లో ముందు మెరిసేవీ ఆఖరున ఆరిపోయేవీ తరచూ వేర్వేరుగా ఉండటానికి ఈ ఎత్తుల తేడానే కారణం. సూర్యుడు దిగిపోయాక కింది మబ్బులు నీడలోకి జారుకుని బూడిదరంగుకు తిరుగుతాయి. పై మబ్బులకు ఇంకా ఎండ తగులుతూనే ఉంటుంది.

అందుకే యాప్‌కు ఆకాశంలో మబ్బు 50 శాతం అన్న ఒక్క అంకె చాలదు. కింద ఎంత, మధ్యలో ఎంత, పైన ఎంత అని మూడు అంకెలు విడివిడిగా కావాలి. కింద సున్నా, పైన యాభై అయితే పండగే. అవే అంకెలు తారుమారైతే కెమెరా సంచి విప్పనక్కర్లేదు.

షోలాపూర్ మబ్బు, హైదరాబాద్ సంజ

ఇప్పుడు అసలు లెక్క. మీ నెత్తిన పది కిలోమీటర్ల ఎత్తులో సిర్రస్ పొర ఉందనుకోండి. మీకు సూర్యుడు కనుమరుగయ్యాక కూడా ఆ మబ్బుకు కనిపిస్తూనే ఉంటాడు. దాని మీద ఎరుపు పతాక స్థాయికి చేరే ఆఖరి నిమిషాల్లో, దానికి చేరే కిరణం దూరాన ఎక్కడో భూమిని ఒరుసుకుంటూ వస్తుంది. ఎంత దూరాన అన్నది హైస్కూలు జ్యామితి. భూమి వ్యాసార్థాన్ని రెట్టింపు చేసి, మబ్బు ఎత్తుతో హెచ్చవేసి, వర్గమూలం తీయాలి. పది కిలోమీటర్ల ఎత్తుకు జవాబు దాదాపు 357 కిలోమీటర్లు. ఐదు కిలోమీటర్ల ఎత్తుకు 252. రెండు కిలోమీటర్ల ఎత్తుకు 160.

ఈ దూరాలను పటం మీద పెట్టి చూస్తే విషయం తెలుస్తుంది. హైదరాబాద్ నుంచి సరిగ్గా పడమరకు కొలిస్తే, కింది మబ్బుకు వెలుగునిచ్చే కిరణం కలబురగి దరిదాపుల్లో నేలను తాకుతూ వస్తుంది. మధ్య మబ్బుదైతే షోలాపూర్, పై మబ్బుదైతే పండరీపురం ప్రాంతం. అక్కడ కారుమబ్బు అడ్డం నిలబడిందంటే హైదరాబాద్ మీద ఎంత చక్కటి సిర్రస్ పరుచుకున్నా వెలుగు అందదు. హైదరాబాద్‌లో ఉన్నవాళ్లకు పడమటి దిక్కు తేటగానే కనిపిస్తుంది, ఎందుకంటే అంత దూరపు మబ్బు దిగంతం కింద దాక్కుని ఉంటుంది. అన్నీ బాగున్నట్టే ఉండి చివర్లో చల్లారిపోయే సాయంత్రాలు చాలావరకు ఇలాంటివే.

పైగా ఈ దిక్కు ఏడాది పొడవునా ఒకేచోట ఉండదు. హైదరాబాద్ అక్షాంశం దగ్గర డిసెంబరు చివర సూర్యుడు పడమరకు దాదాపు 25 డిగ్రీలు దక్షిణంగా అస్తమిస్తాడు, జూన్ చివర అంతే ఉత్తరంగా. కాబట్టి పై మబ్బు విషయంలో చూడాల్సిన చోటు సంక్రాంతి ముందు రోజుల్లో బాగల్‌కోట్ వైపు, మార్చి, సెప్టెంబరుల్లో పండరీపురం వైపు, ఏరువాక నాటికి బీడ్ వైపు జరుగుతుంది.

విశాఖపట్నం సాయంత్రాలకు ఇదే లెక్క వేస్తే, మధ్య మబ్బుకు భద్రాచలం, పై మబ్బుకు మహబూబాబాద్ వస్తాయి. విశాఖ, భీమిలి, సూర్యలంక తీరాల్లో జనం ఎదురుచూసేది సూర్యోదయం కోసం. దానికి చూడాల్సిన చోటు తూర్పున మూడు వందల కిలోమీటర్ల అవతల, నడి బంగాళాఖాతం. అక్కడ పలకరించడానికి ఊళ్లు లేవు, రాడార్లు అంత దూరం చక్కగా చూడలేవు. ఉపగ్రహమే దిక్కు.

లెక్క ఎక్కడ తప్పుతుంది

యాప్ పని చేసే తీరు ఇప్పుడు సులభంగానే అర్థమవుతుంది. ఏ ఊరికి, ఏ తేదీకి అన్నదాన్ని బట్టి సూర్యుడు దిగే నిమిషం, దిక్కు లెక్కిస్తుంది. ఆ దిక్కులో నాలుగైదు వందల కిలోమీటర్ల దాకా వరుసగా బిందువులు పెడుతుంది. ఒక్కో బిందువు దగ్గర ఆ గంటకు కింద, మధ్య, పైన మబ్బు ఎంత ఉంటుందో, తేమ, దుమ్ము ఎంత ఉంటాయో వాతావరణ నమూనా నుంచి తెచ్చుకుంటుంది. దారి తెరిచి ఉందా, చివర తెర ఉందా అని చూసి మార్కు వేస్తుంది. కొన్ని యాప్‌లు ఈ నియమాలను మనుషులు రాసిన సూత్రాలుగా పెట్టుకుంటాయి. కొన్ని వాడుకరులు పంపిన ఫొటోలు, వాళ్లిచ్చిన మార్కులు చూసి యంత్రానికి నేర్పిస్తాయి.

బలహీనత అంతా ముడిసరుకులో ఉంది. చాలా యాప్‌లకు ఆధారమైన అమెరికా ప్రపంచ నమూనా జీఎఫ్ఎస్ రోజుకు నాలుగుసార్లు నడుస్తుంది, భూమిని దాదాపు 13 కిలోమీటర్ల గళ్లుగా విడదీసి చూస్తుంది. ఎక్కువమంది దించుకునే ఫలితాలు అంతకంటే ముతకవి. మన అక్షాంశాల్లో ఒక్కో గడి పాతిక కిలోమీటర్లు దాటుతుంది. అంటే శంషాబాద్ నుంచి సికింద్రాబాద్ దాకా మబ్బుకు ఒకే అంకె. ఆ గడిలో మబ్బు 40 శాతం అంటే తెలుస్తుంది కానీ, సందు ఎటువైపు ఉందో తెలియదు. సంజ బాగుండటం, చెడిపోవడం ఒక్కోసారి ఆ సందు మీదే ఆధారపడుతుంది. 2025 మే నెలలో మన దేశం ప్రారంభించిన భారత్ ఫోర్‌కాస్ట్ సిస్టమ్ గడి 6 కిలోమీటర్లే. పుణెలోని ఉష్ణమండల వాతావరణ శాస్త్ర సంస్థ తయారుచేసిన ఈ నమూనా వాన అంచనాల కోసమే వచ్చినా, సంజ అంచనాలకూ అంత సన్నటి గడే కావాలి.

రెండో ఇబ్బంది సమయానిది. గంట అటూ ఇటూ అయినా వాన అంచనా నిలబడుతుంది. సాయంత్రం వస్తుందన్న వాన ఐదింటికి వచ్చినా ఆరింటికి వచ్చినా అంచనా ఫలించినట్టే. సంజకు ఉన్న వ్యవధి పావుగంట. మబ్బు అంచు గంట ఆలస్యంగా తొలగితే మార్కు 80 నుంచి సున్నాకు పడిపోతుంది. ఈ పావుగంట కూడా మన దగ్గర మరీ ఇరుకు. ఉష్ణమండలంలో సూర్యుడు దాదాపు నిట్టనిలువుగా దిగుతాడు. అస్తమయం తర్వాత ఆరు డిగ్రీలు కిందికి వెళ్లడానికి మార్చిలో హైదరాబాద్‌లో 22 నిమిషాలు పడితే, జూన్‌లో లండన్‌లో ముప్పావు గంట పడుతుంది. అక్కడివాళ్లు తీరిగ్గా లెన్సులు మార్చుకునేలోగా ఇక్కడ వీధిదీపాలు వెలుగుతాయి.

మన వానాకాలం దారే వేరు

అమెరికా, యూరప్‌లలో పుట్టిన యాప్‌లు మోసుకొచ్చే అలవాటు ఒకటుంది. ఆ అక్షాంశాల్లో వాతావరణం సాధారణంగా పడమర నుంచి తూర్పుకు నడుస్తుంది. సాయంత్రం ఆకాశం ఎర్రబడితే పడమర తేటగా ఉన్నట్టు, అంటే రేపు ఎండ కాస్తుందన్నట్టు. సాయంత్రపు ఎరుపు మంచి రేపటికి గుర్తు అనే అక్కడి నావికుల నానుడి దీని మీదే నిలిచింది.

మన వానాకాలంలో ఆ వరస తిరగబడుతుంది. నేల దగ్గర నైరుతి గాలి పడమర నుంచి వీస్తుంటే, పద్నాలుగు, పదిహేను కిలోమీటర్ల ఎత్తులో అంతకంటే బలమైన గాలి తూర్పు నుంచి వీస్తుంది. ఈ తూర్పు జెట్ ప్రవాహాన్ని 1958లో ప్రపంచానికి వివరించినవారు మన వాతావరణ శాస్త్రవేత్త పి. కోటేశ్వరం, తర్వాత ఆయన భారత వాతావరణ శాఖకు అధిపతి అయ్యారు. బంగాళాఖాతంలోనో కోస్తా మీదో ఉరుముల మేఘం పెరిగిందంటే, దాని తలభాగం నుంచి విడిపోయిన మంచు పలుకుల పొర ఈ గాలికి పడమరకు సాగిపోతుంది. అంటే వానాకాలంలో తెలంగాణ మీద పరుచుకునే పై తెర తరచూ తూర్పు నుంచి వస్తుంది. దాని మీద పడే వెలుతురు రావాల్సింది పడమర నుంచి. ఆ దారిలో ఉన్న షోలాపూర్ ప్రాంతం పడమటి కనుమల వానచాటున ఉంటుంది, అక్కడ మబ్బు పల్చబడే రోజులుంటాయి. ఈ రెండూ కలిసిన ఆగస్టు, సెప్టెంబరు సాయంత్రాల్లో హైదరాబాద్ ఆకాశం నిలువునా మండుతుంది.

కోస్తాకు ఇందులోనే ఒక హెచ్చరిక ఉంది. బంగాళాఖాతంలో తుపాను పుట్టినప్పుడు దాని తల నుంచి వెలువడే సిర్రస్ పొర తుపాను కంటే వందల కిలోమీటర్లు ముందే తీరాన్ని చేరుతుంది. కింద గాలి ఇంకా ప్రశాంతం, వాన జాడ లేదు, ఆకాశంలో పై తెర ఒక్కటే. గొప్ప రంగులకు ఇంతకంటే అనువైన ఏర్పాటు లేదు. అక్టోబరు, నవంబరుల్లో తీరాన అసాధారణంగా ఎర్రబడ్డ ఉదయం మంచి రేపటికి గుర్తు కాదు. అలాంటప్పుడు సంజ యాప్‌తోపాటు తుపాను హెచ్చరికలూ చూడాలి.

ఏ యాపూ పట్టలేని సంజలు

కొన్నిసార్లు కారణం మబ్బుల కంటే పైన ఉంటుంది. 1883 ఆగస్టు 26, 27 తేదీల్లో ఇండోనేసియాలోని క్రకటోవా అగ్నిపర్వతం పేలింది. ఆ పేలుడు ఎగజిమ్మిన గంధకపు వాయువు స్ట్రాటోస్ఫియర్‌లో సన్నటి ఆమ్లపు తుంపరగా మారి భూమి చుట్టూ పరుచుకుంది. సెప్టెంబరు రెండో వారంలో మద్రాసులో సూర్యుడు ఆకుపచ్చగా కనిపించాడు. అక్కడి క్రైస్తవ కళాశాలలో భౌతికశాస్త్రం చెబుతున్న మిచీ స్మిత్ ఆ కాంతిని వర్ణపటదర్శినితో పరిశీలించి వివరాలు ప్రచురించాడు. రేణువులన్నీ ఇంచుమించు ఒకే పరిమాణంలో, ఎర్ర కాంతి తరంగం కంటే కొద్దిగా పెద్దగా ఉన్నప్పుడు అవి నీలం కంటే ఎరుపునే ఎక్కువగా తొలగిస్తాయి. రేలీ లెక్క తలకిందులవుతుంది. అలాంటి రేణువుల గణితాన్ని జర్మనీకి చెందిన గుస్తావ్ మీ 1908లో పూర్తిచేశాడు.

నవంబరుకల్లా ఆ పొర అమెరికా చేరింది. న్యూయార్క్ రాష్ట్రంలోని పొకీప్సీలో, కనెక్టికట్‌లోని న్యూ హేవెన్‌లో పడమటి ఎరుపు చూసి ఊరు తగలబడుతోందనుకుని జనం అగ్నిమాపక బండ్లను పిలిచారు. ప్రపంచం నలుమూలల నుంచి వచ్చిన ఇలాంటి కబుర్లన్నీ పోగుచేసి లండన్ రాయల్ సొసైటీ 1888లో పెద్ద నివేదిక వేసింది. గుడారంలా ఇరవై కిలోమీటర్ల ఎత్తున నిలిచే ఆ పొర మామూలు మబ్బు అంచనాల్లో కనిపించదు. అగ్నిపర్వతం పేలిన ఏడాదిలో యాప్ 20 మార్కులు వేసిన సాయంత్రాలు కూడా ఊదారంగులో వెలగవచ్చు.

ఉపగ్రహం ఉంటే యాప్ ఎందుకు?

యాప్ లేకపోయినా ఇదే పని చేతనయినంత చేసుకోవచ్చు. ఇన్సాట్-3డీఆర్, 3డీఎస్ ఉపగ్రహాల చిత్రాలను వాతావరణ శాఖ, ఇస్రో వారి మోస్‌డాక్ వెబ్‌సైటు రోజంతా తాజాగా పెడుతుంటాయి. సాయంత్రం నాలుగున్నర, ఐదు మధ్య పరారుణ చిత్రం తెరవండి. అందులో చల్లగా ఉన్నది తెల్లగా కనిపిస్తుంది కాబట్టి ఎత్తైన మబ్బులు తెల్లగా, కింది మబ్బులు బూడిదరంగులో ఉంటాయి. మీ ఊరి మీద పల్చటి తెలుపు ఉండి, సూర్యుడు దిగే వైపు రెండు వందల నుంచి నాలుగు వందల కిలోమీటర్ల మధ్య నేల కనబడుతుంటే బయల్దేరండి. గంట కిందటి చిత్రంతో పోలిస్తే మబ్బు అంచు ఎటు కదులుతోందో కూడా తెలుస్తుంది. రాజమండ్రి పుష్కర ఘాట్‌లో నిలబడి గోదావరి మీదుగా కొవ్వూరు వైపు చూసేవాళ్లయినా, ట్యాంక్‌బండ్ మీద బుద్ధుడి విగ్రహం వైపు చూసేవాళ్లయినా మరో మాట గుర్తుంచుకోవాలి. బింబం మునగ్గానే లేచి వెళ్లిపోకూడదు. పై మబ్బు ఎర్రబడేది ఆ తర్వాత పది, పదిహేను నిమిషాలకు.

మబ్బు ఏ నిమిషానికి ఎక్కడుంటుందన్న ప్రశ్న సరదాకు మాత్రమే సంబంధించింది కాదు. కర్నూలు దగ్గరి 1,000 మెగావాట్ల సోలార్ పార్కు మీద మబ్బు కమ్మితే ఆ లోటును గ్రిడ్ వేరే చోటు నుంచి పూడ్చుకోవాలి. మన దేశంలో విద్యుత్ షెడ్యూలు రోజును పావుగంట చొప్పున 96 ముక్కలుగా విడదీస్తుంది. సోలార్ కేంద్రాలు ఒక్కో ముక్కకూ ఎంత కరెంటు ఇవ్వగలవో ముందే చెప్పాలి. సంజ యాప్‌కు కావాల్సిన పావుగంటే గ్రిడ్‌కూ కావాలి. మబ్బు అంచనా ఒకరి కోసం మెరుగుపడితే రెండోవారికీ లాభమే.

మన ఆకాశానికి సరిపడే యాప్ తయారు కావడానికి ఇవాళ పెద్ద అడ్డంకులేం లేవు. జీఎఫ్ఎస్ అంకెలు ఎవరైనా ఉచితంగా దించుకోవచ్చు, ఉపగ్రహ చిత్రాలు ఉన్నాయి, జ్యామితి స్కూల్లో చెప్పిందే. విశాఖలో ఆంధ్ర విశ్వకళాపరిషత్తుకు వాతావరణ, సముద్ర శాస్త్రాల విభాగం ఉంది. పెన్‌సిల్వేనియాలో ఆ ముగ్గురు చేసిన పనిని ఇక్కడి విద్యార్థులూ చేయగలరు. లేనిదల్లా మన సాయంత్రాల లెక్క. ఆదిలాబాద్ నుంచి ఇచ్ఛాపురం దాకా, అనంతపురం నుంచి అంతర్వేది దాకా కొన్ని బడుల పిల్లలు రోజూ పొద్దుగూకిన పది నిమిషాలకు ఒకే చోటు నుంచి, ఒకే దిక్కుకు ఒక ఫొటో తీసి, ఒకటి నుంచి ఐదు వరకు ఒక మార్కు వేసి పెడితే చాలు. రెండు వానాకాలాలు గడిచేసరికి ఏ కంప్యూటరుకైనా నేర్పడానికి సరిపడా పాఠం తయారవుతుంది.